టామర్ ఇంటి మాటలు

హార్త్‌గిల్ బడిలో పంతులుగా చేరేనాటికి నాకు ఇరవై మూడేళ్ళు. డర్హమ్ కౌంటీకి పడమటి కొసన ఉన్న ఇరుకు లోయ అది. సీసం గని బాగా నడిచిన రోజుల్లో అక్కడ నలభై ఇళ్ళుండేవట. నేను వెళ్ళేసరికి ఇరవై ఆరు మిగిలాయి. మగవాళ్ళు చాలామంది నలభై దాటకుండానే రాతిధూళి మింగి దగ్గి దగ్గి పోయేవాళ్ళు. మిగిలినవాళ్ళు తూర్పున బొగ్గు గనులకు బండ్లు కట్టుకుని వెళ్ళిపోతుండేవాళ్ళు.

మరుసటి ఏడు, అంటే పద్ధెనిమిది వందల ఎనభై ఒకటి ఏప్రిల్‌లో, జనాభా లెక్కలు వచ్చాయి. చేతిరాత బాగుంటుందని ఎగువ లోయ ఇళ్ళన్నీ నాకు అప్పగించారు. ముందు వారం ఇంటింటికీ కాగితాలు పంచి, సోమవారం మళ్ళీ తిరిగి తీసుకోవాలి. రాయడం రానివాళ్ళకు నేనే కూర్చుని రాసిపెట్టాలి.

కొండవాలున చిట్టచివరి ఇల్లు టామర్ నాట్రస్‌ది. మొగుడు రాల్ఫ్ పోయి అప్పటికి మూడేళ్ళు. ఆమె, ఆమె మామగారు కత్‌బర్ట్ ముసలాయన, ఏడేళ్ళ కూతురు కెజియా, అంతే ఆ ఇంట్లో మనుషులు. మేజోళ్ళు అల్లి, కోడిగుడ్లు అమ్మి ఆమె ఇల్లు లాక్కొస్తోంది.

"ఇంటి పెద్ద ఎవరు?" అన్నాను కాగితం మోకాలి మీద పెట్టుకుని.

"నేనే" అన్నాడు ముసలాయన పొయ్యి పక్కనుంచి.

"అద్దెకు సంతకం పెట్టింది నేను కదా మామయ్యా" అంది టామర్, అల్లిక ఆపకుండానే.

"సరేలే, దాని పేరే రాసుకోవయ్యా మాస్టారూ. పెద్దరికం దానికి, దగ్గు నాకు."

అలా నవ్వుతూనే రాసుకుంటూ కెజియా దాకా వచ్చాను. ఆ పిల్ల నేలమీద కూర్చుని ఉన్ని ఉండ చుడుతోంది. రెండేళ్ళప్పుడు ఎర్రజ్వరం వచ్చి వినికిడి పూర్తిగా పోయింది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. కాగితంలో ఆఖరి గడి అలాంటివాళ్ళ కోసమే ఉంది.

నా కలం ఆ గడి దగ్గర ఆగడం టామర్ చూసింది. ఆమెకు చదువు రాదు గానీ, అక్కడ ఏముంటుందో ఎవరో చెప్పి ఉంటారు.

"అక్కడేం రాయకండి మాస్టారూ."

"రాయాలమ్మా. చట్టం."

"దానికి చెవులు లేవని రాసుకోండి. మాటలు రావని మాత్రం రాయకండి. ఎవరన్నారు దానికి మాటలు రావని?"

అల్లిక ఒళ్ళో పెట్టి, కాలితో నేలమీద తట్టింది. ఆ అదురుకు పిల్ల తలెత్తింది. టామర్ వేళ్ళు రెండు మడిచి ఏదో అడిగింది. అంతే, ఆ పిల్ల చేతులు లేచాయి. నాకు ఒక్క ముక్క తెలియలేదు గానీ, ఏదో కథ చెబుతోందని తెలిసింది. మధ్యలో గడ్డం లాగినట్టు చేసి తాత వైపు చూసింది. తర్వాత వీపు వంచి, చేతులు రెండూ గాల్లో విదిలించి, ధబేలున పడ్డట్టు అభినయించింది. టామర్ పడీ పడీ నవ్వింది.

"ఏమంటోంది?"

"నిన్న వానలో మామయ్య కోడిని పట్టబోయి పెంటకుప్పలో పడ్డాడు. అది చెబుతోంది."

"అబద్ధం" అన్నాడు ముసలాయన. "కూర్చున్నానంతే."

టామర్ చెప్పుకుంటూ పోయింది. వానకు ఒక సైగ ఉంది, సన్నజల్లుకు వేరే. రొట్టెకు ఉంది, మాడిన రొట్టెకు ఉంది. రాల్ఫ్‌కి గుప్పిటతో రొమ్ము మీద రెండు దెబ్బలు. ఆ మనిషిని ఆ పిల్ల ఎప్పుడూ దగ్గుతుండగానే చూసింది మరి. నాకు అప్పుడే పేరు పెట్టేసింది, బొటనవేలూ చూపుడువేలూ సున్నాలు చుట్టి కళ్ళకు పెట్టుకుని, నా కళ్ళజోడు. ఇవన్నీ ఎవరూ నేర్పినవి కావు. తల్లీ కూతుళ్ళు అయిదేళ్ళుగా పొయ్యి ముందు కూర్చుని ఒకటొకటిగా కుదుర్చుకున్నవి.

అంతా విని, నేను ఆఖరి గడిలో 'చెవిటి, మూగ' అని రాశాను. టామర్ కలం కదలికనే చూస్తూ ఉంది.

"ఒక మాట కాదు, రెండు రాశారు" అంది, అల్లిక మళ్ళీ అందుకుంటూ.

అక్కడితో ఆగితే బాగుండేది. లెక్కల కాగితాలు అప్పజెప్పడానికి దిగువ పట్నం వెళ్ళినప్పుడు, వాటిని తీసుకునే పెద్దమనిషి ఆ గడి చూసి, నగరంలో చెవిటి పిల్లలకు బడి ఉందని చెప్పాడు. అక్కడ సైగలు మాన్పించి నోటితో మాట్లాడడం నేర్పుతున్నారట, పెదవులు చూసి మాట పట్టుకోవడం కూడా. బీద పిల్లలకు ఖర్చు బీదల సంఘం పెట్టుకుంటుందట. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. నా బడిలో పదహారు మందికి అక్షరాలు దిద్దించడం తప్ప ఘనకార్యమేదీ చేసి ఎరగను. ఒక మూగపిల్ల చేత మాట్లాడించిన పంతుల్ని అనిపించుకోవాలన్న ఆశ నాలో లేదని చెప్పలేను.

ఎండాకాలమంతా టామర్ ఇంటి చుట్టూ తిరిగాను. వెళ్ళినప్పుడల్లా ఆమె ఏదో పని కల్పించుకుని లేచిపోయేది. ముసలాయన మాత్రం ముఖం మీదే అనేవాడు, "మా ఇంట్లో పిల్లకి మాటలు తక్కువై నీ దగ్గరికొచ్చామా? నువ్వు కంగారు పడ్డమెందుకు?"

చివరికి అక్టోబరులో, ఆమె పొయ్యిలో కాల్చే ఎండు పీటు మట్టిగడ్డల్ని గోడవార పేరుస్తుండగా పట్టుకున్నాను. ఏం అన్నానో ప్రతి అక్షరం గుర్తుంది.

"మీరున్నన్నాళ్ళూ సరే. మీ మామగారు ఇవాళో రేపో. తర్వాత మీరూ పోతారు. ఆ రోజున దీని చేతులు చూసి అర్థం చేసుకునేవాళ్ళు భూమ్మీద ఒక్కరుంటారా? ఆకలేస్తోందని ఎవరితో చెప్పుకుంటుంది?"

 ఆమె చేతిలోని గడ్డను జాగ్రత్తగా కుప్ప మీద పెట్టి, "ఎప్పుడు పంపాలి?" అంది.

పంపే రోజు ఆమోస్ వైపాండ్ బండి ఇంటి ముందు ఆగింది. లోయకీ రైలు ఆగే ఊరికీ మధ్య సరుకులు తోలేది అతనే. టామర్ మోకాళ్ళ మీద కూర్చుని కూతురికి చెప్పడానికి ప్రయత్నిస్తోంది. వాళ్ళ మాటల్లో బడికి సైగ లేదు. నగరానికి లేదు. ఏళ్ళకు లేదు, ఎప్పుడూ అవసరం పడలేదు కాబట్టి. నిద్రకు ఉంది. చెంప కింద చెయ్యి పెట్టి తల వాల్చడం. ఆమె తల వాల్చింది, ఎత్తింది, వాల్చింది, ఎత్తింది. ఎన్నిసార్లని చేస్తుంది? పది పన్నెండుసార్లు చేసి ఆగిపోయింది. కెజియా లెక్క పెట్టుకున్నట్టే తల ఊపింది. కోళ్ళకు గింజలు మర్చిపోవద్దని తల్లికి చెప్పి, సంబరంగా బండెక్కింది.

"పది పన్నెండు రోజుల్లో వచ్చేస్తాననుకుంటోంది" అంది టామర్ నాతో, బండి మలుపు తిరిగాక. "అంతకు మించి చెప్పడం నాకు చేతకాలేదు."

మొదటి ఎండాకాలం సెలవులకు పిల్లల్ని పంపలేదు, బడిలో తట్టు పుట్టిందన్నారు. రెండో ఏడు ఆ బడి పెద్ద దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. టామర్ దాన్ని నా దగ్గరికి తెచ్చింది. పిల్ల బాగా నేర్చుకుంటోందనీ, ఇంటికి పంపితే తల్లితో మళ్ళీ చేతులాడించి అంతా మరిచిపోతుందనీ, చదువు ముగిసేదాకా చూడకపోవడమే పిల్లకు మేలనీ రాశాడు. చదివి వినిపించాను.

"మీరేమంటారు మాస్టారూ?"

"వాళ్ళకు తెలుసు కదమ్మా" అన్నాను.

"చూసి వచ్చేస్తాను. దూరం నుంచే. దానికి కనపడను."

"మీరు చూసి ఊరుకోగలరా?"

ఆమె తల దించుకుని ఉత్తరం మడిచింది. ఆ ప్రశ్న అడిగే హక్కు నాకెవరిచ్చారో ఇప్పటికీ తెలియదు.

మూడో ఏడు చలికాలంలో కత్‌బర్ట్ ముసలాయన పోయాడు. పోయేముందు వారం నన్ను పిలిపించాడు. "పంతులూ, ఆ పిల్ల నాతో పోట్లాడేది తెలుసా, చేతుల్తోనే. నన్ను గెలవనిచ్చేది కాదు. ఇప్పుడీ ఇంట్లో పోట్లాటే లేదు" అన్నాడు. నన్ను తిట్టడానికే పిలిచాడనుకున్నాను. అది కూడా చెయ్యలేదు. ఆయన చావు కబురు బడికి రాశాను. పిల్ల మనసు చెదురుతుందని ఇప్పుడు చెప్పడం లేదని జవాబొచ్చింది.

అయిదేళ్ళు నిండవస్తుండగా, ఎనభై ఆరు సెప్టెంబరులో కెజియా తిరిగొచ్చింది. తెల్లవారకముందే లేచి టామర్ ఇల్లంతా కడిగింది, ఓట్స్ రొట్టెలు కాల్చింది, పెళ్ళినాడు రాల్ఫ్ ఇచ్చిన శాలువా భుజాన వేసుకుంది. నన్ను కూడా రమ్మంది. ఆమోస్ బండి వచ్చేసరికి నలుగురూ గుమ్మాల్లో నిలబడ్డారు.

బండి దిగిన పిల్లను నేను పోల్చుకోలేదు. పన్నెండేళ్ళకే నాతో సమానంగా ఎదిగింది. జుట్టు పొట్టిగా కత్తిరించారు. టామర్ పరుగున ఎదురెళ్ళి, రెండు చేతులూ ఎత్తి, వేళ్ళతో గబగబా ఏదో అడిగింది. అయిదేళ్ళ నుంచి దాచుకున్నదంతా ఆ చేతుల్లో ఉంది.

కెజియా తన చేతులు రెండూ వెనక్కి పెట్టేసుకుంది.

కావాలని చేసినట్టు లేదు. వేడి తగిలితే చెయ్యి ఎలా లాక్కుంటామో అలా పోయాయి వెనక్కి. మణికట్ల చుట్టూ పాత ఒరిపిడి మచ్చలు ఉన్నాయి. మొదటి రెండేళ్ళూ పాఠం జరుగుతున్నంతసేపూ చేతులు బల్లకు కట్టేవాళ్ళని తర్వాత తెలిసింది.

అప్పుడు ఆ పిల్ల మెడ నరాలు బిగించి నోరు తెరిచింది. బావిలోంచి వచ్చినట్టు ఓ గొంతు వచ్చింది. హెచ్చుతగ్గుల్లేని, ముక్కుతో కలిసిన, ముక్కలు ముక్కలైన శబ్దం.

టామర్ ముఖం పాలిపోయింది. కూతురి పొట్ట మీద, వీపు మీద చేతులు వేసి తడిమింది. "ఎక్కడమ్మా నొప్పి? మాస్టారూ, దీనికేదో అయింది. ఏం చేశారు దీన్ని? ఎందుకలా మూలుగుతోంది?"

"మూలగడం లేదు" అన్నాను. "మాట్లాడుతోంది. 'అమ్మా, నేను బాగున్నాను' అంటోంది."

టామర్ నా వైపు చూసింది, కూతురి వైపు చూసింది. నమ్మలేదు. గుమ్మంలో ఎవరో పిల్లవాడు కిసుక్కుమన్నాడు, వాళ్ళమ్మ వాడి నెత్తిన మొట్టింది. కెజియాకు అది వినపడకపోయినా కనపడింది. నోరు మూసేసుకుంది.

ఇంట్లోకి వచ్చాక పొయ్యి పక్క ఖాళీ కుర్చీ చూసి మళ్ళీ ఆ గొంతుతో ఒక్క శబ్దం చేసింది. టామర్ రొట్టె తెచ్చి చేతిలో పెట్టింది. పిల్ల అడిగింది 'తాత' అని. చెప్పవలసినవాణ్ణి నేనే అయ్యాను. పెదవులు విప్పి నెమ్మదిగా, "చనిపోయాడు" అన్నాను. ఆ పిల్ల చేతిలో రొట్టె బల్ల మీద పెట్టేసింది.

ఆ తర్వాత ఆ ఇంట్లో జరిగినదాన్ని మాట్లాడుకోవడం అనవచ్చో లేదో. బడిలో పిల్లకు నేర్పింది నగరపు పంతుళ్ళ పెదవులు చదవడం. వాళ్ళు ఒక్కో మాటా విడమరిచి పలికేవాళ్ళు. మా లోయవాళ్ళు పెదవులు కదపకుండా మాట్లాడతారు. టామర్‌కి ముందు పళ్ళు నాలుగు లేవు. తల్లి ఏమన్నా ఆ పిల్లకు పెదవుల మీద ఒక్క అక్షరం దొరికేది కాదు. పిల్ల ఏమన్నా తల్లికి మూలుగే. పాత సైగలు పిల్లకు చాలామటుకు చెరిగిపోయాయి, మిగిలినవి చూస్తే భయం. టామర్ చెయ్యెత్తితే చాలు, తలుపు వైపు చూసేది, ఎవరైనా పట్టుకుంటారేమోనని.

నేను పెదవులు విప్పి పలికేవాణ్ణి కాబట్టి నా మాట మాత్రం కెజియాకు తెలిసేది. పైగా ఆ పిల్లకు చదవడం, రాయడం వచ్చు. అందుకని టామర్ కూతురితో ఏదైనా చెప్పాలంటే బడి వదిలాక పిల్లను వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చేది.

"రేపు దిగువ ఊరు వెళ్తున్నానని చెప్పండి. పులుసు కుండలో ఉందని చెప్పండి." మళ్ళీ, "ఆ నీలం గౌను నేనే కుట్టానని చెప్పండి. నచ్చిందేమో అడగండి."

నేను చెప్పేవాణ్ణి. కెజియా "నచ్చింది" అనేది. నేను టామర్‌కి "నచ్చిందట" అనేవాణ్ణి. ఒకే ఇంట్లో పడుకుని లేచే తల్లీ కూతుళ్ళు ఆ రెండు ముక్కల కోసం కొండ దిగి వచ్చేవాళ్ళు.

మరుసటి మార్చిలో, మంచు ఇంకా కరగని ఒక మధ్యాహ్నం, వాళ్ళింటికే వెళ్ళాను. టామర్ మేజోడు మడమ దగ్గర అల్లిక మలుపు తిప్పుతోంది. కెజియా పలక తెచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఏదో చాలా రోజులుగా కూడబెట్టుకున్నట్టు, ఆగి ఆగి రాసి, నా వైపు తిప్పింది.

'అమ్మ నన్ను ఎందుకు వద్దనుకుంది?'

నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. "ఏం రాసింది?" అంది టామర్.

ఇద్దరూ నా ముఖమే చూస్తున్నారు. చెప్పవలసింది చాలా చిన్న మాట. నేనడిగాను కాబట్టి పంపింది. నేనొద్దన్నాను కాబట్టి చూడ్డానికి రాలేదు. ఆ పలక తీసుకుని ఆ రెండు వాక్యాలు రాస్తే సరిపోయేది. కానీ రాస్తే ఇక ఆ ఇంట్లో నాకు చోటుండదు. ఆ లోయలో నన్ను మనిషిగా చూసి, గుమ్మం తీసి, టీ పోసి ఇచ్చే ఇల్లు అదొక్కటే. ఇది ఆ క్షణంలో ఆలోచించాననను. కానీ నా నోరు ఆ చోటు కాపాడుకునే పనే చేసింది.

"కోళ్ళకు గింజలు వెయ్యనా అని అడుగుతోంది" అన్నాను.

"వెయ్యమనండి" అంది టామర్ సంతోషంగా. "గుర్తుంది చూశారా దానికి."

కెజియాకు నేనేం చెప్పాలో తోచక, "తర్వాత చెబుతాను" అన్నాను, పెదవులు విప్పి. ఆ పిల్ల తల్లి ముఖం చూసింది. తల్లి నవ్వుతోంది. తన ప్రశ్న విని తల్లి నవ్విందనుకుంది. అరచేత్తో పలక తుడిచేసి, గోడకు ఆనించి పెట్టి, బయటకు వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆ పిల్ల ఏదీ అడగలేదు. నేనూ ఆ 'తర్వాత' ఎప్పుడూ చెప్పలేదు. రేపు చెబుదామని వెళ్ళడం, టామర్ టీ పొయ్యడం, తాగి వచ్చెయ్యడం. అలా మూడేళ్ళు తాగాను.

తొంభైలో గని మూతపడింది. పదహారేళ్ళ కెజియా నాకొక కాగితం తెచ్చి ఇచ్చింది. తనతో చదివిన అమ్మాయిలు ఇద్దరు నగరంలో కుట్టుపని చేసుకుంటూ ఒక గది తీసుకున్నారట. తననూ రమ్మంటున్నారట. రాత్రిళ్ళు దుప్పటి కింద వాళ్ళు దొంగతనంగా చేతులతో మాట్లాడుకునేవాళ్ళట, పట్టుబడితే దెబ్బలు తింటూ. ఆ మాటలు ఇప్పటికీ పోలేదట. ఈ సంగతులన్నీ నాలుగు ముక్కల్లో రాసింది. అమ్మకు మీరు చెప్పండి అని కింద రాసింది.

చెప్పాను. కెజియా గుమ్మంలో నిలబడి ఉంది, టామర్ అల్లిక సూదుల వంక చూస్తూ వింది.

"వాళ్ళతో మాట్లాడుతుందా? చేతుల్తో?"

"అవునట."

"అయితే వెళ్ళమనండి." అల్లిక పక్కన పెట్టి అంది, "ఒక్కసారి దాన్ని అడగండి మాస్టారూ. నా మీద దానికి కోపమెందుకో. నేనేం చేశానో."

ఇంతకంటే మంచి తరుణం దేవుడు కూడా ఇవ్వలేడు. అయినా నేను అడగలేదు. కెజియా వైపు తిరిగి పెదవులు మాత్రం కదిపి, "అమ్మ క్షేమంగా వెళ్ళమంటోంది" అని, టామర్ వైపు తిరిగి, "కోపమేమీ లేదట" అన్నాను.

టామర్ ఆ తర్వాత రెండు చలికాలాలు బతికింది. రొమ్ము జబ్బు. చివరి రోజుల్లో ఊరివాళ్ళు వంతులవారీగా కూర్చున్నారు. నోటిమాట తగ్గిపోయాక కూడా దుప్పటి మీద ఆమె వేళ్ళు కదులుతూ ఉండేవి. మాలో ఎవరికీ ఒక్క ముక్క తెలియలేదు. 'పాపం, దుప్పటి సర్దుకుంటోంది' అన్నారు పక్కనున్నవాళ్ళు. నేను అవునని తలూపాను. కెజియాకు కబురు పంపాం గానీ, మంచుకు దారులు మూసుకుని, ఆమె చేరేసరికి పూడ్చిపెట్టి మూడు రోజులైంది. సమాధి దగ్గర కాసేపు నిలబడి, అదే బండిలో తిరిగి వెళ్ళిపోయింది. నేను బడి కిటికీలోంచి చూశాను. దిగి వెళ్ళలేదు.

ఆ వసంతంలో కూర్చుని కెజియాకు అంతా రాశాను. నేను పట్టుబట్టి పంపించానని, చూడ్డానికి వస్తానంటే ఆపానని, పలక మీది ప్రశ్న టామర్‌కి చదివి వినిపించలేదని, ఆమె నవ్వింది కోళ్ళ సంగతికని, ఆమె అడగమన్నది అడగలేదని. ఏదీ దాచకుండా ఆరు పుటలు రాసి పంపాను.

నెలరోజులకు జవాబొచ్చింది. దస్తూరి ముత్యాల్లా ఉంది.

'మీ ఉత్తరం అందింది. ఇది మా అమ్మ బతికుండగా మీరు చెప్పవలసింది. ఇప్పుడు నాకు చెప్పినందువల్ల మీ మనసు తేలికపడి ఉంటుంది. నాకు పడలేదు. మళ్ళీ రాయకండి.'

ఆమె చెప్పింది సగమే నిజం. నా మనసు కూడా తేలికపడలేదు. కానీ ఆ మాట రాసే హక్కు లేదు కాబట్టి రాయలేదు. హార్త్‌గిల్‌లో ఇప్పుడు తొమ్మిది ఇళ్ళున్నాయి, బడికి అయిదుగురు పిల్లలొస్తారు. వచ్చే ఏడు బడి మూసేస్తామని కబురొచ్చింది. నన్నెక్కడికి వెయ్యాలో ఇంకా తేల్చలేదట. ఎక్కడికైనా సరేనని రాసి పంపాను.